కొల్లేటి నీరు – ఉమ్మడి అమానతు

సర్వ స్తోత్రాలు సకల లోకాలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, వారి కుటుంబంపై, వారి సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!



ఏలూరు నుండి కైకలూరు వైపు మనలో చాలామంది ఎన్నోసార్లు ప్రయాణించి ఉంటారు. దారి పొడవునా నీరు కనిపిస్తుంది. అందులో కొంత గట్ల మధ్య నిలిచిన చేపల చెరువుల నీరు, కొంత గట్టు లేని కొల్లేటి నీరు. చూసే కంటికి రెండూ నీళ్ళే. అయితే మొదటిది ఒకరి సొత్తుగా చలామణి అవుతున్న నీరు, రెండవది అందరిదీ అయిన నీరు. ఈ తేడా ఎలా వచ్చింది? ఈ సరస్సు విషయంలో అల్లాహ్ ఎదుట మనం దేనికి జవాబు చెప్పవలసి ఉంటుంది? నేటి ప్రసంగంలో ఈ రెండు ప్రశ్నలను చరిత్ర వెలుగులో పరిశీలిద్దాం.

రెండు డెల్టాల నడుమ

కృష్ణా, గోదావరి నదులు వేల సంవత్సరాలుగా మోసుకొచ్చిన ఒండ్రుతో రెండు డెల్టాలు ఏర్పడ్డాయి. వాటి మధ్య మిగిలిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వంటి ఏరులు మెట్ట ప్రాంతపు వాన నీటిని తెచ్చి ఇందులో కలుపుతాయి. ఆ నీరు బయటకు పోయే దారి ఒక్కటే, అది ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు మెల్లగా సాగి అది బంగాళాఖాతంలో కలుస్తుంది. లోనికి దారులు అనేకం, వెలుపలికి దారి ఒక్కటి. ఈ అమరికలోనే సరస్సు చేసే మేలు దాగి ఉంది. వరద వచ్చినప్పుడు కొల్లేరు విస్తరించి దానిని తనలో నిలుపుకుంటుంది, ఆ తరువాత కొద్దికొద్దిగా సముద్రానికి వదులుతుంది. కిక్కిస, తుంగ వంటి నీటి మొక్కలు నీటిలోని మలినాలను కొంతవరకు పీల్చుకుంటాయి.

అందువల్ల ఈ సరస్సు వైశాల్యాన్ని ఒకే అంకెతో చెప్పలేము. సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత వరకు లెక్కిస్తే అది 308 చదరపు కిలోమీటర్లు, పది అడుగుల గీత వరకు లెక్కిస్తే 901 చదరపు కిలోమీటర్లు. వేసవిలో ఎండి బయటపడిన నేల కూడా సరస్సులో భాగమే. వరద తిరిగి వచ్చినప్పుడు నిలవడానికి దానికి ఆ చోటు కావాలి. ప్రతి వస్తువునూ ఒక పరిమాణంతో సృష్టించామనీ, ఆకాశాన్ని ఎత్తి తులను నెలకొల్పామనీ, ఆ తులలో అతిక్రమించవద్దనీ అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో (54:49, 55:7–8) తెలియజేశాడు. కొల్లేరు ఆ తులకు మన కళ్ళ ముందున్న నిదర్శనం.

మనుషుల చరిత్రలోనూ ఈ నీటికి ప్రాచీన స్థానం ఉంది. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనం రెండవ పులకేశి విజయాలను చెబుతూ, యుద్ధంలో నెత్తుటితో ఎరుపెక్కిన కునాల జలాలను ప్రస్తావించింది. ఆ కునాలమే కొల్లేరని చరిత్రకారులు గుర్తించారు. ఏలూరుకు దగ్గరలోని నేటి పెదవేగి ఆనాటి వేంగి, తూర్పు చాళుక్యుల రాజధాని. 16వ శతాబ్దంలో ఈ ప్రాంతం గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలోకి వచ్చింది. తరువాత మొఘలులు, నిజాములు వచ్చారు. ఉత్తర సర్కారులని పేరొందిన అయిదు సర్కారులలో ఏలూరు ఒకటి. 1766 నాటి సంధితో నిజాం అలీ ఖాన్ ఈ సర్కారులను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఏలూరులో తివాచీలు నేసిన ముస్లిం కుటుంబాలు తమ పూర్వీకులు పర్షియా నుండి ఈ విద్యను తెచ్చారని చెప్పుకుంటారు. అంటే ఈ నేలతో, ఈ నీటితో మన పరిచయం నిన్నమొన్నటిది కాదు. తరతరాలుగా ఈ సరస్సు గాలి పీల్చి, దీని చేపలు తిని బ్రతికినవాళ్ళం మనం.

పాలకులు మారినా సరస్సు తన తీరు మార్చుకోలేదు. సరస్సు లోపలి లంక గ్రామాలు 46, అంచున ఉన్న గ్రామాలు 76 అని లెక్క. అక్కడి జాలరులు తాటి దోనెలపై వెళ్ళి, వలలు వేసి, మావులు పెట్టి కొర్రమీను, జెల్ల, మట్టగిడస పట్టి జీవించారు. నీరు తీసిన వేసవిలో కొందరు అంచు నేలల్లో వరి పండించుకున్నారు. ధవళేశ్వరం వద్ద గోదావరిపై 1852 నాటికి, విజయవాడ వద్ద కృష్ణపై 1855 నాటికి ఆనకట్టలు పూర్తయ్యాయి. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరే ఏలూరు కాలువ వంటి కాలువలు పొలాలకు నీరందించాయి. ఆ పొలాలను తడిపిన నీటిలో ఎంతో భాగం మురుగు కాలువల గుండా కొల్లేటికే చేరింది. రెండు డెల్టాల సిరికి ఈ పల్లం మౌనంగా సేవ చేసింది.

మదీనా నేర్పిన పాఠం

సోదరులారా! అందరికీ ఉపయోగపడే నీరు, గడ్డి, చెట్టు ఎవరివి? ఈ ప్రశ్న మదీనాలో పధ్నాలుగు వందల సంవత్సరాల క్రితమే తలెత్తింది.

ఇస్లాంకు పూర్వం అరబ్బు తెగల నాయకుల్లో బలవంతుడు ఒక పచ్చని చోటికి వెళ్ళి కుక్కను మొరిగించేవాడనీ, ఆ మొరుగు వినిపించినంత మేర తన పశువులకే ప్రత్యేకించుకునేవాడనీ పూర్వ పండితులు వ్రాశారు. అలా ప్రత్యేకించిన నేలను 'హిమా' అనేవారు. పేదవాని మేకకు అందులో గడ్డిపోచ కూడా దక్కేది కాదు. దైవప్రవక్త (సఅసం) ఈ ఆచారాన్ని రద్దు చేశారు. అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు తప్ప మరెవరికీ హిమా లేదని ప్రకటించారు (బుఖారీ). అంటే ఇకపై నేలను ప్రత్యేకించి కాపాడేది సమాజ శ్రేయస్సు కోసమే, ఏ పెద్దమనిషి సొంత లాభం కోసమూ కాదు. నఖీ అనే చోటును అలాగే ముస్లిముల ఉమ్మడి అవసరానికి కాపాడారు. మదీనా చుట్టూ ఉన్న నేలను హరమ్‌గా ప్రకటించి, అక్కడ చెట్లు నరకడాన్నీ వేటాడడాన్నీ నిషేధించారు. నీటిలో, గడ్డిలో, నిప్పులో ప్రజలందరూ భాగస్వాములేనని బోధించారు (అబూదావూద్).

ఇంకొక సంఘటన వినండి. యెమెన్‌కు చెందిన అబ్యద్ బిన్ హమ్మాల్ (రజి) వచ్చి మఆరిబ్‌లోని ఉప్పు నిక్షేపాన్ని తనకు ఇప్పించమని కోరారు. దైవప్రవక్త (సఅసం) ఇచ్చేశారు. ఆయన వెళ్ళిపోయాక సభలోని ఒక వ్యక్తి, తమరు ఇచ్చినది ఎన్నడూ తరగని ఊట వంటిదని విన్నవించారు. శ్రమ లేకుండా ఎవరైనా తీసుకోగల ఉమ్మడి వనరు అది అని తెలియగానే దైవప్రవక్త (సఅసం) ఆ కేటాయింపును వెనక్కి తీసుకున్నారు (అబూదావూద్, తిర్మిజీ). ఒకసారి ఇచ్చిన మాటే అయినా, అందరి హక్కు ఒకరి చేతిలోకి పోతున్నదని తెలిసినప్పుడు దానిని సరిదిద్దడమే ధర్మమని ఈ సంఘటన చెబుతున్నది. ఈ పాఠాన్ని మనసులో ఉంచుకొని తిరిగి కొల్లేటికి వద్దాం.

గట్లు లేచిన కాలం

1970వ దశకంలో ప్రభుత్వం లంక గ్రామాల పేదల కోసం సహకార సంఘాలు ఏర్పరచి సరస్సులో చేపల చెరువులు తవ్వించింది. ఉద్దేశం మంచిదే. జాలరి కుటుంబానికి ఏడాది పొడవునా తిండి దొరకాలన్నది ఆలోచన. అయితే చేపల వ్యాపారంలో లాభం పెరిగిన కొద్దీ బయటి పెట్టుబడి వచ్చింది. తరువాతి రెండు దశకాల్లో ఎన్నో చెరువులు పేరుకు సంఘాలవిగా, నడిచేది కౌలుదారుల చేతుల్లో అన్న స్థితికి చేరాయి. సరస్సు నేలలో కొత్త గట్లు లేచాయి. తన పేరున చెరువు ఉన్న జాలరి అదే గట్టుపై కూలివాడయ్యాడు.

నష్టం అక్కడితో ఆగలేదు. గట్లు నీటి నడకను అడ్డగించాయి. చేపల మేత, ఎరువులు, మందులు కలిసిన నీరు సరస్సులోకి వదిలారు. దానికి పట్టణాల మురుగు తోడయింది. గుర్రపుడెక్క పరచుకుంది. గట్టు లేని నీటిలో వల వేసుకునే పేదవాడికి పూర్వపు చేప తగ్గిపోయింది.

పక్షులు దీనికి సాక్షులు. కేరళ పక్షులపై ప్రసిద్ధ గ్రంథం వ్రాసిన కె.కె. నీలకంఠన్ 1946లో కొల్లేటి ప్రాంతంలో గూడబాతులు గూళ్ళు కట్టే గొప్ప స్థావరాన్ని లోకానికి తెలియజేశారు. అప్పుడు అక్కడ సుమారు మూడు వేల గూడబాతులు ఉండేవి. 1975 ప్రాంతానికి ఆ స్థావరం అంతరించింది. నేలపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు అన్నీ మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ (6:38) చెబుతున్నది. ఒక సముదాయం మొత్తం తన ఊరిని విడిచిపోయింది. మనలో ఎంతమందిమి గమనించాము?

ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక చిన్న పక్షి పిల్లలను పట్టుకున్నారు. తల్లి పక్షి రెక్కలు విదిలిస్తూ తిరగసాగింది. దైవప్రవక్త (సఅసం) అది చూసి, దీని పిల్లలను తీసుకొని దీనిని బాధపెట్టిందెవరని అడిగి, వాటిని తల్లికి తిరిగి ఇచ్చివేయమని ఆజ్ఞాపించారు (అబూదావూద్). రెండు పిల్లల కోసం ఒక బృందాన్నే ఆపిన కారుణ్యమూర్తి సమాజం మనది.

సరిదిద్దే ప్రయత్నం, మిగిలిన బాకీ

1999లో ప్రభుత్వం అయిదు అడుగుల గీత వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. చిత్తడి నేలల రక్షణకై 1971లో ఇరాన్‌లోని కాస్పియన్ తీర పట్టణం రాంసర్‌లో దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆ ఒప్పందపు జాబితాలో 2002 ఆగస్టులో కొల్లేరు చేరింది. సుప్రీంకోర్టు ఏర్పరచిన కేంద్ర సాధికార సంఘం సిఫారసులను అనుసరించి 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను పెద్ద ఎత్తున తెగగొట్టారు.

అంతటితో కథ ముగియలేదు. చెరువులపై కూలికి ఆధారపడిన కుటుంబాల బ్రతుకుతెరువు పోయింది. అభయారణ్యంలో వేల ఎకరాల జిరాయితీ భూములు ఉన్నాయి. వాటి యజమానుల నష్టపరిహారం చిక్కుముడిగా మిగిలింది. కొన్ని సంవత్సరాలకే మళ్ళీ గట్లు లేచాయి. అభయారణ్యాన్ని మూడు అడుగుల గీతకు కుదించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ సంఘం పరిశీలించి, అయిదు అడుగుల గీతనే కొనసాగించాలని చెప్పింది. వివాదం నేటికీ సద్దుమణగలేదు.

ఈ వివాదంలో న్యాయం ఎలా ఉండాలో హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలో రెండు ఘటనలు చూపుతాయి. హిమాను కాపాడే పనికి ఆయన హునయ్ అనే వ్యక్తిని నియమించి ఇలా ఉపదేశించారు: ప్రజలతో మృదువుగా మెలగు, పీడితుని మొరకు భయపడు, కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్నవానిని లోనికి రానివ్వు, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్‌ల మందల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండు. కారణం కూడా చెప్పారు. ఆ ఇద్దరి పశువులు చనిపోయినా వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు చనిపోతే అతడు బిడ్డలను వెంటబెట్టుకొని ఖలీఫా గుమ్మం ముందుకు వస్తాడు. అతనికి బంగారం, వెండి ఇవ్వడం కన్నా నీరు, గడ్డి ఇవ్వడమే తేలిక అన్నారు (బుఖారీ). ఆ ఇద్దరూ స్వర్గ శుభవార్త పొందిన మహనీయులు, ధనాన్ని అల్లాహ్ మార్గంలో ధారపోసినవారు. అయినా ఉమ్మడి నేల వద్ద మొదటి వరుస పేదవానిదే.

రెండవది. మస్జిదె నబవీ విస్తరణ కోసం హజ్రత్ ఉమర్ (రజి) హజ్రత్ అబ్బాస్ (రజి) ఇంటిని కోరారు. ఆయన అంగీకరించలేదు. తగవు ఉబై బిన్ కఅబ్ (రజి) ముందుకు వెళ్ళింది. తీర్పు అబ్బాస్ (రజి) పక్షాన వచ్చింది. ఖలీఫా దానికి తలవంచారు. ఆ తరువాత అబ్బాస్ (రజి) తమ ఇంటిని స్వచ్ఛందంగా ఇచ్చేశారు. మసీదు వంటి పవిత్ర కార్యానికి సైతం ఒకరి సొంత ఆస్తిని బలవంతంగా తీసుకోరాదు. కనుక జిరాయితీ రైతుకు తగిన పరిహారం ఇవ్వడమూ, లంక గ్రామపు కూలికి మరో బ్రతుకుతెరువు చూపడమూ సరస్సును కాపాడే పనిలో భాగమే. అయితే పేదవాని కన్నీటిని చూపించి, దాని నీడలో వందల ఎకరాల ఉమ్మడి నేలపై గట్టు వేసుకోవడం మాత్రం ఏ లెక్కనా న్యాయం కాదు. అన్యాయంగా ఒక జానెడు నేల ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల బరువు తగిలించబడుతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం).

ఈ అన్యాయపు ఫలితం దూరాన లేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ వీధులను ముంచింది. ఆ ఏరు చేరవలసిన చోటు కొల్లేరు. వరద అక్కడికి చేరినప్పుడు లంక గ్రామాలు నీటి మధ్య చిక్కుకున్నాయి. నీటి దారిని, నీరు నిలిచే చోటును మనుషులు ఆక్రమించిన కొద్దీ ఇటువంటి వరదల నష్టం పెరుగుతుంది. మనుషుల చేతులు చేసుకున్న దాని మూలంగానే నేలలో, నీటిలో చెడు ప్రబలిందనీ, వారు మరలి రావాలని దాని రుచి కొంత చూపిస్తామనీ అల్లాహ్ (30:41) హెచ్చరించాడు. హెచ్చరికలోనే మరలి వచ్చే దారి కూడా తెరిచి ఉంచాడు.

ఆనందించడమూ ఆరాధనే

మరలి వస్తే ఫలితం ఉంటుందనడానికి కైకలూరు పక్కనున్న ఆటపాకే సాక్ష్యం. అక్కడ అటవీశాఖ నీటి మధ్య ఇనుప స్టాండ్లు నిలిపింది. ఒకప్పుడు తరలిపోయిన గూడబాతులు నేడు వాటిపై గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతున్నాయి. శీతాకాలంలో దూర దేశాల బాతులూ వస్తాయి.

మీ పిల్లలను ఒకసారి అక్కడికి తీసుకువెళ్ళండి. తమపై రెక్కలు చాచి, ముడుస్తూ ఎగిరే పక్షులను వారు చూడడం లేదా, కరుణామయుడు తప్ప వాటిని నిలిపేవారెవరు అని దివ్య ఖుర్ఆన్ (67:19) ప్రశ్నిస్తున్నది. చూడమన్న ఆజ్ఞను పాటించడం కాలక్షేపం కాదు, ఆరాధన. దైవప్రవక్త (సఅసం) నీటి వాగులు పారే చోట్లకు వెళ్తుండేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. ఒకసారి అలా వెళ్ళదలచి ఆమెకు ఇంకా మచ్చిక కాని ఒంటెను పంపి, దానితో మృదువుగా మెలగమని చెప్పారు (అబూదావూద్). ప్రకృతిని చూడబోయేవారు మృదుత్వాన్ని వెంట తీసుకువెళ్ళాలని ఇందులో మనకు బోధ ఉంది. గూళ్ళ దగ్గర కేకలు వేయకండి. తిన్న పొట్లాలను, ప్లాస్టిక్ సీసాలను నీటి ఒడ్డున వదలకండి. నీరు తీసుకునే చోట, దారిలో, నీడలో మలవిసర్జన చేయడం శాపానికి గురిచేసే పనులని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు (అబూదావూద్). దారిలోని ఆటంకాన్ని తొలగించడం విశ్వాసపు శాఖలలో ఒకటని బోధించారు (ముస్లిం).

ఇక మన ఊళ్ళ సంగతి. ఏలూరు మురుగు కాలువలో మనం వేసినది కొల్లేటి వైపే వెళుతుంది. తాడేపల్లిగూడెంలో కాలువ గట్టున పారవేసినది దిగువ ఊళ్ళవారి నీటిలోకి వెళుతుంది. బక్రీద్ నాడు ఖుర్బానీ వ్యర్థాలను కాలువలో పడవేయడం మనలో కొందరికి అలవాటయింది. అల్లాహ్ సామీప్యం కోరి చేసిన ఆరాధన దిగువ ఊరి పొరుగువానికి దుర్గంధంగా చేరకూడదు. ఆ వ్యర్థాలను గొయ్యి తీసి పూడ్చే ఏర్పాటు ప్రతి మసీదు కమిటీ పండుగకు ముందే చేయాలి.

మనలో చేపల చెరువులు ఉన్నవారున్నారు, కౌలు చేసేవారున్నారు, మేత అమ్మేవారు, చేప లారీలు నడిపేవారు ఉన్నారు. హలాల్ సంపాదనపై ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. ఒక్క ప్రశ్న మాత్రం మీకు మీరే వేసుకోండి. నా గట్టు నిలిచినది నా నేలపైనా, లేక సరస్సు నేలపైనా? నా చెరువు వదిలే నీరు ఎవరి వలలోకి పోతున్నది? జవాబు మనసుకు తెలుసు. ఆ జవాబు ప్రకారం నడుచుకోవడానికి కోర్టు ఆదేశం వచ్చేదాకా ఆగనవసరం లేదు. మఆరిబ్ ఉప్పు విషయంలో దైవప్రవక్త (సఅసం) నిజం తెలిసిన ఘడియలోనే నిర్ణయం మార్చుకున్నారు.

ప్రియ సోదరులారా! ఈ సరస్సును చాళుక్యులు ఏలారు, గోల్కొండ సుల్తానులు ఏలారు, కంపెనీ ఏలింది. ఎవరూ తమ వెంట ఒక గుక్కెడు నీరు తీసుకుపోలేదు. మనమూ తీసుకుపోము. అమానతును మాత్రం అప్పగించి వెళ్ళాలి.

ఓ అల్లాహ్! మా నీటిని, మా నేలను మాకు అమానతుగా ఇచ్చావు. దానిని ద్రోహం చేయకుండా కాపాడే బుద్ధిని మాకు ప్రసాదించు. లంక గ్రామాల పేదలకు హలాల్ ఉపాధిని విస్తరింపజేయి. వరద నుండి, కరువు నుండి ఈ ప్రాంతపు ప్రజలందరినీ రక్షించు. మా పిల్లలు ఈ పక్షులను చూసి నిన్ను స్మరించే రోజులను కొనసాగించు. ఆమీన్.